మన పేట ఇటాలియన్ రెస్టారెంట్‌లో చేయవలసినవి, చేయకూడనివి

న్యూజెర్సీలో ఏ ఊరి బజారుకి వెళ్లినా ఓ ఇటాలియన్ రెస్టారెంట్ ఉంటుంది. ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క లాండ్రీ, మధ్యలో ఎర్ర గళ్ల బల్లగుడ్డలు పరిచిన పది పన్నెండు బల్లలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్షిణ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ వేళ్లూనించిన వంట అది. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు పెరిగాక ఆ బల్లల దగ్గర మనమూ ఎక్కువయ్యాం. పిల్లలకు పిజ్జా కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మాంసం ముట్టరు. మూడు తరాలూ తలా ఒకటి తిని లేవగలిగే చోటు ఇంతకంటే దగ్గర్లో దొరకదు.

థాయ్ రెస్టారెంట్‌కి వెళితే చేపల సాసు ఉందా అని అడుగుతాం. సుషీ దగ్గర పెద్దవాళ్లు కుర్చీలోనే ముడుచుకుపోతారు. ఇటాలియన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం టొమాటో, వెల్లుల్లి, వంకాయ, పాలు, అన్నీ మనవే కదా అని మెనూ మూసేస్తాం. చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది. ఇక్కడ మనకు పడనివేవీ పైకి కనపడవు. సాసులో కరిగిపోయి, చీజ్ కింద దాక్కుని, నూనెలో కలిసిపోయి వస్తాయి. దానికి మన మొహమాటం తోడవుతుంది. పక్కవాళ్లు చూస్తున్నారని, వెయిటర్ విసుక్కుంటాడని, అడగాల్సింది అడక్కుండా ఊరుకుంటాం.

బయల్దేరే ముందు

ముందుగా ఫోన్ చేయండి. అలర్జీ ఉన్న పిల్లాడో, గ్లూటెన్ పడని మనిషో మీతో ఉంటే ఆ ముక్క రిజర్వేషన్ అప్పుడే చెప్పండి. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేళ వంటగది కాస్త ఖాళీగా ఉంటుంది, ఫోన్ ఎత్తినవాళ్లు చెఫ్‌ని అడిగి చెప్పగలరు. శనివారం రాత్రి ఏడున్నరకి ఇదే ప్రశ్న వేస్తే "ఇట్స్ ఫైన్" అనే జవాబొస్తుంది. ఆ జవాబు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఆహారం విషయంలో నిజంగా భయం ఉన్న కుటుంబం మామూలు రోజున, సాయంత్రం ఐదింటికే వెళ్లడం మంచిది. వంటవాడికి తీరిక ఉంటుంది, పెనాలు కడిగి ఉంటాయి, వేపుడు నూనె కూడా కాస్త కొత్తగా ఉంటుంది.

లోపలికి అడుగు పెడుతూ గోడ మీద చూడండి. న్యూజెర్సీలో ఆరోగ్య శాఖ తనిఖీ ఫలితాన్ని జనం వచ్చే ద్వారం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. మూడే మాటలుంటాయి: శాటిస్‌ఫ్యాక్టరీ, కండిషనల్లీ శాటిస్‌ఫ్యాక్టరీ, అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ. నది దాటి న్యూయార్క్ నగరానికి వెళితే 2010 నుంచి ఏ, బీ, సీ అక్షరాలు కనిపిస్తాయి. న్యూజెర్సీ కాగితం మీద రెండో మాట కనిపిస్తే లోపాలు దొరికాయని, సరిదిద్దుకున్నాక మళ్లీ తనిఖీ ఉంటుందని అర్థం. నేనైతే ఆ రోజుకి ఇంకో చోటు చూసుకుంటాను. కాగితం ఎక్కడా కనపడకపోతే అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

శాకాహారులు ఏం అడగాలి

"ఇది వెజిటేరియనా?" అని అడగవద్దు. అవును అనే అంటారు. మాంసం ముక్క కనపడకపోతే అది వెజిటేరియనే అనుకునే వెయిటర్లు చాలామంది. చేప తింటూ తమను తాము శాకాహారులమని చెప్పుకునేవాళ్లూ ఈ దేశంలో ఉన్నారు. ప్రశ్న మార్చండి. సాసు దేంతో చేశారు, సూప్‌లో పోసిన నీళ్లు కూరగాయలవా, కోడివా, ఇది వేయించిన నూనెలో ఇంకేం వేయిస్తారు అని అడగండి. ఇలా అడిగితే వెయిటర్ తలూపేసి ఊరుకోలేడు, లోపలికి వెళ్లి కనుక్కుని రావాల్సిందే.

మొదట టొమాటో సాసు సంగతి. ఇక్కడి ఇటాలియన్ కుటుంబాల్లో కొందరు దాన్నే గ్రేవీ అంటారు. ఆదివారం పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా మరుగుతుంది. మీట్‌బాల్స్, సాసేజ్, పంది మాంసం అందులోనే ఉడుకుతాయి. వడ్డించేటప్పుడు మాంసం తీసి వేరే పళ్లెంలో పెడతారు. మిగిలిన సాసు చూడ్డానికి ఎర్రగా, అమాయకంగా టొమాటో పచ్చడిలా ఉంటుంది. మీట్‌బాల్స్‌లో సాధారణంగా గొడ్డుమాంసం, దాంతో పాటు పంది, దూడ మాంసం కూడా కలుపుతారు. కాబట్టి మెనూలో గ్రేవీ, సండే సాస్ అనే మాటలు కనిపిస్తే శాకాహారులు దాటేయాలి. మారినారా చాలాచోట్ల టొమాటో, వెల్లుల్లి, ఆకులతోనే చేస్తారు. అయినా అడిగి తీసుకోండి.

సీజర్ సలాడ్ పచ్చటి ఆకుల గిన్నే, కానీ దాని డ్రెస్సింగ్‌లో నూరిన ఆంకోవీ చేపలు, గుడ్డు సొన ఉంటాయి. పుట్టనెస్కా సాసులో కూడా ఆంకోవీలే. మినెస్ట్రోనే కూరగాయల సూప్ అని రాసి ఉంటుంది గాని చాలా వంటిళ్లలో కోడి రసంతో మొదలవుతుంది, రుచికి పంది కొవ్వు కూడా పడుతుంది. రిసోట్టోదీ అదే కథ, అందులో వైన్ అదనం. అరంచీనీ అనే అన్నం ఉండల నడుమ మాంసం కూరే పద్ధతి ఉంది. పన్నా కోట్టా గట్టిపడేది జెలటిన్‌తో. చేత్తో చేసిన తాజా పాస్తాలో గుడ్డు ఉండటమే రివాజు, ఎండు స్పగెట్టీలో చాలావరకు ఉండదు. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లకు ఈ తేడా చెప్పి మరీ ఎండు పాస్తా ఆర్డర్ చేయండి.

వంకాయ పార్మిజాన్ మనవాళ్లకు ప్రాణం. ముక్కల్ని గుడ్డు సొనలో ముంచి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. వేయించేది చిన్న రెస్టారెంట్లలో ఉండే ఒకటి రెండు ఫ్రయర్లలో. అందులోనే కలమారీ అనే స్క్విడ్ ముక్కలూ, కోడి కట్లెట్లూ మునిగి తేలుతాయి. వంకాయని వేరే పెనం మీద వేయించమని అడగొచ్చు. రద్దీ లేకపోతే చేసిపెడతారు.

ఇక చీజ్. పార్మిజానో రెజ్జానో అన్న పేరు పెట్టుకోవాలంటే నియమాల ప్రకారం దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తోనే పాలు విరగ్గొట్టాలి. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్ల రెనెట్. అమెరికాలో తయారయ్యే పార్మిజాన్లలో సూక్ష్మజీవుల రెనెట్ వాడేవి చాలా ఉన్నాయి. ఎంతవరకు పట్టించుకోవాలన్నది ఎవరి ఇంటి నియమం వాళ్లది. పట్టించుకునేవాళ్లు మాత్రం ఆర్డర్ చేస్తూనే "నో చీజ్ ఆన్ టాప్" అనాలి. తురిమే చేతులు ఇక్కడ చాలా ఉదారంగా ఉంటాయి.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. శాకాహారం గురించి వివరించలేక "ఐయామ్ అలర్జిక్ టు మీట్" అనేవాళ్లు మనలో ఉన్నారు. అలా అనవద్దు. అలర్జీ అనగానే బుద్ధిమంతుడైన వంటవాడు పనంతా ఆపి, పెనం కడిగి, చేతి తొడుగులు మార్చి, విడిగా వండుతాడు. తీరా మీరు పక్కవాళ్ల పళ్లెంలోంచి చికెన్ సాసు నంజుకోవడం వెయిటర్ కంట పడిందంటే, తర్వాత వచ్చే నిజమైన అలర్జీ పిల్లాడి మాట తేలికైపోతుంది. "రిలీజియస్ రీజన్స్, నో మీట్, నో ఫిష్, నో బ్రాత్" అంటే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది, గౌరవంగానూ ఉంటుంది.

అలర్జీ నిజంగా ఉంటే

అమెరికా ఫెడరల్ చట్టం తొమ్మిది అలర్జీ పదార్థాల పేర్లు చెప్పి తీరాలంటుంది: పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 జనవరి 1 నుంచి నువ్వులు. కానీ అది ప్యాకెట్లలో అమ్మే ఆహారానికి. వంటగదిలోంచి పళ్లెంలో వచ్చే పాస్తాకి ఆ చట్టం వర్తించదు. యూరప్ సంఘంలో 2014 డిసెంబర్ నుంచి రెస్టారెంట్లు కూడా పద్నాలుగు పదార్థాల వివరం ఇచ్చి తీరాలి. రోమ్‌లో మెనూ కింద అంకెలు చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ అవి లేవు కాబట్టి అలర్జీ పదార్థాలూ లేవనుకుంటే మోసపోతారు. మెనూలో రాయనిది పళ్లెంలో లేదనుకోవద్దు.

మన ఇళ్లలో జీడిపప్పు పడని పిల్లలున్నారు. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబానికి చెందినవి, ఒకటి పడకపోతే రెండోదీ చాలావరకు పడదు. ఇటాలియన్ మెనూలో జీడిపప్పు పేరు కనపడదు కాబట్టి అమ్మ నిశ్చింతగా ఉంటుంది. పిస్తా మాత్రం నాలుగు చోట్ల ఉంటుంది: మోర్తదెల్లా అనే మాంసంలో పలుకులుగా, కన్నోలీ కొసన అద్దిన పొడిగా, జెలాటోలో, కొత్తగా పిజ్జాల మీద పోస్తున్న ఆకుపచ్చ క్రీములో. పెస్టో అసలు పైన్ గింజలతో చేస్తారు. అవి ఖరీదు కాబట్టి అక్రోటో, ఏకంగా జీడిపప్పో వేసే వంటిళ్లు లేకపోలేదు. నుటెల్లా పిజ్జాలో హేజల్‌నట్. గ్లూటెన్ లేని పాస్తాల్లో కొన్నింట లూపిన్ పిండి ఉంటుంది, వేరుశనగ పడనివాళ్లలో కొందరికి అదీ పడదు. డిసర్ట్ పళ్లెం పిల్లల మధ్యకి వచ్చేముందు ఇవన్నీ గుర్తుండాలి.

గ్లూటెన్ పడని సీలియాక్ రోగికి ఇటాలియన్ వంటగది కష్టమైన చోటు. పిజ్జా పిండి గాల్లో ఎగురుతూనే ఉంటుంది. గ్లూటెన్ లేని పాస్తాని మామూలు పాస్తా ఉడికిన నీళ్లలోనే ఉడికిస్తే ప్రయోజనం శూన్యం. వేరే గిన్నె, వేరే నీళ్లు, వేరే జల్లెడ ఉన్నాయా అని మూడూ అడగండి. ఒకే ఓవెన్‌లో, ఒకే చెక్క పారతో తీసే గ్లూటెన్ లేని పిజ్జా సరదాకి మానేసేవాళ్లకే గాని జబ్బు ఉన్నవాళ్లకు కాదు.

పళ్లెం వచ్చాక ఇంకోసారి అడగండి. తెచ్చిన మనిషి ఆర్డర్ తీసుకున్న మనిషి కాకపోవచ్చు. "దిస్ ఈజ్ ది నట్ అలర్జీ ప్లేట్?" అంటే రెండు సెకన్ల పని. తప్పుగా తెచ్చిన పళ్లెం మీది గింజలు ఏరేసి మళ్లీ అదే పెడితే ఒప్పుకోవద్దు. కొత్తగా చేయించుకోండి. ఆ పొరపాటు పళ్లెం కొత్తది వచ్చేదాకా మీ బల్ల మీదే ఉంచుకోవడం ఒక ఉపాయం, లోపలికి వెళ్లి అదే తిరిగి రాకుండా.

ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లు రెండూ తల్లి సంచిలో ఉండాలి. కార్లో వదలొద్దు, ఎండకీ మంచుకీ మందు పాడవుతుంది. పెదవులు ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఈలలా రావడం, ఉన్నట్టుండి వాంతులు, కళ్లు తిరగడం వీటిలో రెండు కలిసి కనిపించినా, ఊపిరి ఒక్కటే ఇబ్బంది పెట్టినా ఆలోచించొద్దు. తొడ బయటివైపు, బట్టల మీదుగానే గుచ్చండి. 911కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండోది వేయాలి. బెనడ్రిల్ ఇచ్చి చూద్దాం అని ఆగడం ఇంట్లో పెద్దవాళ్లు చేసే పొరపాటు. అది దురదని తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతుని తెరవదు. సూదంటే భయపడేవాళ్ల కోసం ముక్కులో కొట్టే ఎపినెఫ్రిన్ స్ప్రే 2024లో అనుమతి పొందింది, డాక్టర్‌ని అడగండి. తేరుకున్నాక కూడా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత రెండోసారి తిరగబెట్టడం ఉంటుంది.

షుగర్ మాత్ర, బ్రెడ్డు బుట్ట

షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని బయల్దేరవద్దు. ఇక్కడ బల్ల దొరకడానికి అరగంట, ఆర్డరుకి పావుగంట, పళ్లెం రావడానికి ఇంకో అరగంట పట్టొచ్చు. ఈలోగా షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే, పక్కన కూర్చున్నవాళ్లు ఏసీ చలి అనుకుంటారు. భోజనంతో వేసుకోమన్న మందు భోజనం కళ్లబడ్డాకే వేసుకోవాలి. డాక్టర్ ఎలా చెప్పారో ముందే అడిగి పెట్టుకోండి. పడిపోయిన లక్షణాలు కనిపిస్తే అరగ్లాసు మామూలు కోక్ తాగించండి, డయట్‌ది కాదు. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి.

దీనికి తిరగేసిన కథ బ్రెడ్డు బుట్ట. ఉచితంగా వస్తుంది, వేడిగా ఉంటుంది, నూనెలో ముంచుకుంటే ఇంకొకటి తినాలనిపిస్తుంది. పాస్తా వచ్చేసరికే రెండు పూటల పిండి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఆలివ్‌లు, కేపర్లు, చీజ్, ఎండు మాంసాల దగ్గర చేయి ఆపుకోవాలి, అన్నీ ఉప్పులో ఊరినవే. టిరమిసు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సంప్రదాయ పద్ధతిలో అందులో ఉడకని గుడ్డు, కాఫీ, మర్సాలా వైన్ లేక రమ్ ఉంటాయి. గర్భిణికి, చిన్నపిల్లలకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు పెట్టవద్దు. గుడ్లు పాశ్చరైజ్ చేసినవే అని వంటగది స్పష్టంగా చెబితే వేరే సంగతి. వండితే మద్యం ఎగిరిపోతుందనే నమ్మకం సగమే నిజం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం సాసులో కలిపి పదిహేను నిమిషాలు ఉడికిస్తే 40 శాతం మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం ఉంటుంది. మద్యం అసలు ముట్టనివాళ్లు వోడ్కా సాస్, చికెన్ మర్సాలా అన్న పేర్ల దగ్గరే ఆగిపోవాలి.

సొంత సీసా

న్యూజెర్సీలో బల్ల దగ్గర మద్యం అమ్మే లైసెన్సులకు జనాభా లెక్క ఉంది: మూడు వేలమందికి ఒకటి. అందుకే కొన్ని ఊళ్లలో ఒక్క లైసెన్సు లక్షల డాలర్లు పలుకుతుంది. చిన్న ఇటాలియన్ రెస్టారెంట్లు ఆ జోలికి పోకుండా మీ సీసా మీరే తెచ్చుకోండి అంటాయి. వైన్, బీర్ వరకే, విస్కీ కాదు. పొదుపే, కాదనను. కానీ బార్‌లో అయితే పోసేవాడు ఎంతోకొంత లెక్క చూస్తాడు, ఇక్కడ పోసేది మన బావమరిదే. ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో ఐదు డ్రింకులుంటాయి. నలుగురికి రెండు సీసాలు తెచ్చారంటే మనిషికి రెండున్నర.

కారు నడిపే మనిషెవరో సీసా మూత తీయకముందే తేల్చుకోండి. తేల్చుకున్నాక అతనికి "ఒక్క గ్లాసుకేం కాదులే బావా" అనవద్దు. ఈ రాష్ట్రంలో హద్దు రక్తంలో 0.08 శాతం. ఇక్కడ తాగి నడపడం క్రిమినల్ నేరంగా కాక ట్రాఫిక్ నేరంగా లెక్క, అందుకని కొందరు చప్పరించేస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు అలా చప్పరించడానికి లేదు. తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకి ఉంది, 2015 నుంచి చేస్తూనే ఉంది. హెచ్-1బీ మీద ఉన్న మనిషి మరుసటి ఏడు ఇండియా వెళ్లాక గాని ఆ దెబ్బ తెలియదు. మిగిలిన సీసా మూతపెట్టి డిక్కీలో పెట్టండి, ముందు సీట్ల మధ్య కాదు.

బల్ల దగ్గర

ఓవెన్‌లోంచి అప్పుడే దిగిన పిజ్జా మీద చీజ్ పైకి చల్లారినట్టు కనిపిస్తుంది, కింద టొమాటో ఇంకా మరుగుతూనే ఉంటుంది. పిల్లలకు ముక్క కోసి రెండు నిమిషాలు ఆగి ఇవ్వండి. లసాన్యా, కాల్జోనే ఇంకా మోసకారివి, మధ్యకి కోసి ఆవిరి పోనివ్వాలి. బేక్ చేసిన పాస్తా వచ్చే మట్టి గిన్నె ఓవెన్‌లోంచే వస్తుంది. వెయిటర్ "హాట్ ప్లేట్" అన్నప్పుడు అందుకోవడానికి చేయి చాపే మర్యాద మనకుంది, ఆ మర్యాద వద్దు. ఆయన్నే పెట్టనివ్వండి.

బల్ల మీద కొవ్వొత్తి ఉంటే పక్కకి జరిపించండి, లేదా ఆర్పించండి. అవతలివాళ్లకి బ్రెడ్డు అందించడానికి వంగినప్పుడు జార్జెట్ చున్నీ, సింథటిక్ చీర కొంగు క్షణంలో అంటుకుంటాయి, అంటుకున్నవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. బయట వేసిన బల్లల దగ్గర గ్యాస్ హీటర్లకూ అదే దూరం పాటించండి. నూలు, పట్టు కరిగి అతుక్కోవు గాని నూలు కూడా తొందరగానే అంటుకుంటుంది, ధీమా పనికిరాదు.

ఆలివ్‌ల్లో గింజ ఉందేమో ముందు మీరు కొరికి చూడండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఆలివ్‌లు, చెర్రీ టొమాటోలు, మీట్‌బాల్స్ నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. సాగే మొజరెల్లా పోగులు కూడా గొంతులో ఉండచుట్టుకుంటాయి, కత్తెరతో తుంచినట్టు చిన్నగా తుంచండి. ఎవరికైనా గొంతుకి అడ్డంపడి మాట రాకపోతే, దగ్గలేకపోతే, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య ఐదు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఇదే క్రమం. ఏడాది లోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు. నీళ్లు తాగించొద్దు. నోట్లో గుడ్డిగా వేలు పెట్టి వెతకొద్దు. చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గొంతుకి అడ్డంపడ్డ మనిషి నలుగురి ముందు ఇబ్బంది ఎందుకని లేచి బాత్రూమ్ వైపు వెళ్లిపోతాడు. ఒంటరిగా వెళ్లనివ్వొద్దు, వెంట వెళ్లండి.

బల్ల మీద ఇంట్లో చేసిన వెల్లుల్లి నూనె సీసా ఉంటే, దాని రుచి ఎంత బాగున్నా, ఫ్రిజ్‌లోంచి తెస్తారా అని అడగండి. మట్టిలో పెరిగే వెల్లుల్లికి బొటులిజం క్రిమి విత్తులు అంటుకుని ఉంటాయి. గాలి చొరని నూనెలో, గది వేడిమిలో అవి మొలకెత్తుతాయి. వాసన రాదు, రంగు మారదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్లో తిన్న 36 మందికి ఇలాగే వచ్చింది. అక్కడ వాడిన వెల్లుల్లి నూనె సీసా చల్లగా ఉంచనిదే.

బిల్లు, రోడ్డు

ఆరుగురో ఎనిమిది మందో కూర్చున్న బల్లకి చాలాచోట్ల టిప్పు బిల్లులోనే కలిపేస్తారు. చూసుకోకుండా మళ్లీ రాయొద్దు. పార్కింగ్ మీటర్ మీద అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేముందు అది మీద అంటించిన కొత్త స్టిక్కరేమో గోరుతో గీకి చూడండి. దొంగ కోడ్లు అంటించి కార్డు వివరాలు లాగే మోసం ఉందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరించింది.

బయటికి వచ్చాక పెద్దవాళ్ల చేయి పట్టుకోండి. డెబ్భై ఏళ్లు కుడివైపు చూసి రోడ్డు దాటిన మెడ అది, ఇక్కడ కార్లు ముందు ఎడమ నుంచి వస్తాయి. క్రాస్‌వాక్‌లో నడిచేవాళ్ల కోసం కారు ఆగాలన్నది న్యూజెర్సీ చట్టం. ఆగిందని కళ్లారా చూశాకే అడుగు వేయండి.

డబ్బాలో ఇంటికొచ్చింది

ఇక్కడ పళ్లెం నిండా ఇస్తారు, సగం డబ్బాలోకి వెళుతుంది. అది బల్ల మీదికి వచ్చిన క్షణం నుంచే గడియారం మొదలైందని గుర్తుంచుకోండి. మామూలు గది వేడిమిలో రెండు గంటలు, జూలై ఎండల్లో 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట. ఆ లోపల ఫ్రిజ్‌లోకి చేరాలి. భోజనం అయ్యాక ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, అక్కడి నుంచి గుడికి వెళ్లి, డబ్బా కార్లోనే ఉంచితే దాన్ని ఇంటికి తేవద్దు. ఉడికిన పాస్తాలో, అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. 2008లో బ్రస్సెల్స్‌లో ఇరవై ఏళ్ల విద్యార్థి టొమాటో సాసు కలిపి ఐదు రోజులు బయటే ఉంచిన స్పగెట్టీని మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని తిన్నాడు. మర్నాటికి ప్రాణం పోయింది, కాలేయం చెడిపోయి. మనవాళ్లకు రాత్రి అన్నం పొద్దున తినే అలవాటు ఉంది, మన అరుగుదల గట్టిది అంటారు. ఈ విషానికి అరుగుదలతో పని లేదు.

గుండ్రటి అల్యూమినియం గిన్నె, పైన అట్ట మూత, అంచులు మడిచి ఇచ్చేది ఇక్కడి ఇటాలియన్ పార్సిల్. దాన్ని అలాగే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, గాజు గిన్నెలోకి మార్చండి. మధ్యలో ఆవిరి వచ్చేదాకా, థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూపించేదాకా కలుపుతూ వేడిచేయండి. తినేంతే తీసి వేడిచేయండి, మిగిలినది మళ్లీ లోపల పెట్టి మళ్లీ వేడిచేయడం వద్దు. చేపలు, ఆల్చిప్పలు ఉన్నవి మర్నాటికే తినేయాలి, మిగతావి మూడు నాలుగు రోజులు. డబ్బా మీద మార్కర్‌తో తేదీ రాయడం పిల్లలకు అప్పగించండి, వాళ్లకి సరదా. అంతకంటే ఎక్కువ రోజులు ఉంచాలనుకుంటే లసాన్యా, బేక్డ్ జీటీ మొదటి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి. క్రీము సాసు పోసినవి మాత్రం ఫ్రీజర్‌లో విరిగిపోతాయి, వాటిని మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి తీసుకెళ్లడమే మేలు.